బొమ్మలారీ నాలుగో చక్రం

మొన్న పొద్దున మా పనామె బాల్కనీ తుడుస్తూ ఉన్నట్టుండి ఆగి, తలుపు గాలికి కొట్టుకోకుండా ఎన్నో ఏళ్ళుగా దాని కింద అడ్డం పెట్టి ఉన్న నల్లటి రబ్బరు చక్రాన్ని చీపురు కొసతో బయటికి లాగి, "సార్, గీ టైరు ముక్క ఇంకెన్ని దినాలు పెడ్తరు? టైల్సన్ని నల్లగైతున్నయ్, చెత్తల ఏస్తున్న" అంది. నేను చదువుతున్న పేపరు కింద పడేసి, ఈ అరిగిపోయిన మోకాళ్ళతో ఎట్లా లేచానో నాకే తెలియదు గానీ లేచి, ఆమె చేతిలోంచి దాన్ని లాక్కున్నంత పని చేశాను. పాపం బిత్తరపోయింది. పొద్దున్నే ఈ ముసలాయనకు ఏం పుట్టిందో అనుకొని ఉంటుంది. ఆమె తప్పేమీ లేదు, చూసేవాళ్ళకు అది గుప్పిట్లో పట్టే పాత ఆటబొమ్మ చక్రమే కదా.

దాన్ని పంపు కింద కడిగి, లుంగీ కొసతో తుడిచి, వెలుతురులో పెట్టి చూశాను. రబ్బరు గట్టిపడి అక్కడక్కడా పగుళ్ళు బారింది గానీ, మధ్యలో నేను చేసి బిగించిన తెల్లటి నైలాన్ ముక్క మాత్రం చెక్కు చెదరలేదు, దాని నడుమ ఇత్తడి తొడిగిన ఆరు పలకల రంధ్రం ఇంకా నిన్ననే ఆకురాయితో రాకినట్టు ఉంది. నా భార్య ఉన్నన్నాళ్ళూ ఇదేమిటని అడిగి అడిగి, నేను సరిగ్గా చెప్పకపోయేసరికి విసుగొచ్చి, ఏదో ఒక పనికైనా రానీ అని తలుపు కింద పెట్టింది. ఆమె పోయాక కూడా అది అక్కడే ఉండిపోయింది. అడిగే మనిషి ఉన్నప్పుడు చెప్పనివాణ్ణి, అడిగేవాళ్ళు లేని ఈ మూడు గదుల ఫ్లాటులో కూర్చొని ఇప్పుడు మీకు చెప్పాలనుకుంటున్నాను. ఇదేం చోద్యమో నాకే అర్థం కాదు.

మీలో నా ఈడువాళ్ళు, పటాన్‌చెరు, బొంతపల్లి వైపు కంపెనీల్లో చెమటోడ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఒక్క మంచాన్ని ఇద్దరు మనుషులు వంతులేసుకొని పడుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. తొంభైల్లో నేను జహీరాబాద్ వైపు మా ఊరు విడిచి, ఐటీఐలో సంపాదించిన టర్నర్ సర్టిఫికెట్టు సంచిలో పెట్టుకొని వచ్చి, పటాన్‌చెరులో ఒక కంపెనీ టూల్‌రూంలో చేరాను. మిషన్లలో విరిగిన ముక్కకు బదులు కొత్త ముక్క అచ్చంగా అట్లాంటిదే చేసిచ్చే చోటు అది. నాకు పెళ్ళి కాలేదు, అమ్మా నాన్నా అప్పటికే లేరు, ఉన్నది ఒక్క అక్క, ఆమె అత్తగారింట్లో ఆమె. నన్ను రాత్రి డ్యూటీకి వేశారు. ఓవర్‌టైంతో కలిపి సాయంత్రం చీకటి పడకముందే గది విడిచిపెడితే, మళ్ళీ ఆ గుమ్మం తొక్కేది మర్నాడు పొద్దెక్కాకే.

గది లక్డారంలో. ఇంటి ఓనరమ్మ వ్యవసాయం చేసుకునే మనిషి, రెండు బర్రెలు, వెనకాల కొంచెం భూమి, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం. గది చూపించిన రోజే చెప్పేసింది, అందులో అప్పటికే ఒకాయన ఉన్నాడనీ, బొంతపల్లి దగ్గర మందుల కంపెనీలో పగటి డ్యూటీ చేస్తాడనీ, నీది రాత్రి కాబట్టి ఒక్క మంచం ఇద్దరికీ సరిపోతుందనీ. నేను సరేనన్నాను. రేకుల కప్పు, ఒక ఫ్యాను, ఇనుప మంచం మీద స్పాంజి పరుపు, మూలకు కిరోసిన్ స్టవ్వు. ఆయన నాకంటే కొంచెం పెద్దవాడు కాబట్టి రూమన్న అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. అంత పిలుచుకునే అవకాశం మాత్రం మాకు రాలేదు.

ఎందుకు రాలేదో చెబుతాను. ఆయన పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పోయిన కాసేపటికి నేను గదికి చేరేవాణ్ణి. నేను సాయంత్రం పోయిన కాసేపటికి ఆయన వచ్చేవాడు. అప్పట్లో కరెంటు చాలక కంపెనీలకు వారంలో ఒక్కో దిక్కుకు ఒక్కో రోజు బందు పెట్టేవాళ్ళు కాబట్టి నాకు గురువారం సెలవు, ఆయనకు ఆదివారం. ఆయన క్రైస్తవుడు, మెదక్ వైపు పల్లె, శనివారం సాయంత్రం డ్యూటీ దిగి అటునుంచి అటే ఊరికి పోయి, ఆదివారం చర్చి చూసుకొని, సోమవారం నేరుగా డ్యూటీ ఎక్కేవాడు. నా సెలవు రాత్రి నేను గదిలో ఉంటే ఆయనకు మంచం ఉండదని, ఆయన రాకముందే కదిలే ఆఖరి బస్సెక్కి నేను అక్క ఇంటికి పోయి చుట్టంలా వసారాలో పడుకొని వచ్చేవాణ్ణి. మా రెండు కంపెనీల బస్సులు సాయంత్రం పటాన్‌చెరు చౌరస్తాలో ఎదురుపడేవి. కిటికీలోంచి ఆయన చెయ్యి ఊపేవాడు, నేనూ ఊపేవాణ్ణి, అంతే మా పలకరింపు. ఓనరమ్మ అయితే, "నాకైతే అనుమానమే కొడుకా, ఇద్దరున్నరో, ఒక్కడే రెండు అంగీలు మార్చుకుంట తిరుగుతున్నడో" అని నవ్వేది.

నేనూ నవ్వేవాణ్ణి గానీ, లోపల మాత్రం నవ్వు వచ్చేది కాదు. రాత్రంతా మిషన్ల మోతలో మాటల్లేకుండా పనిచేసి, పగలంతా ఊరు మేలుకొని ఉండగా తలుపేసుకొని పడుకొనే మనిషికి ఎవరితో మాట్లాడే వేళ ఉంటుంది చెప్పండి? ఒక్కోసారి వారం మొత్తం మీద నేను మాట్లాడిన మాటలు లెక్కపెట్టుకుంటే గుప్పెడు కూడా ఉండేవి కావు. పొద్దున గదికొచ్చి మంచం మీద వాలగానే పరుపు ఇంకా వెచ్చగా ఉండేది. అంతసేపూ అక్కడ ఒక మనిషి పడుకొని ఇప్పుడే లేచి పోయాడన్న ఆ వెచ్చదనమే నాకు ఆ ఊళ్ళో ఉన్న తోడు. దానికి ముఖం చూడాలని, ఆ మనిషి మేలుకొని ఉన్నప్పుడు నేనూ మేలుకొని ఒక్క పగలు ఎదురెదురుగా కూర్చోవాలని నాకు ఎంత కోరికగా ఉండేదో చెబితే మీరు నవ్వుతారు. అక్కడికీ ఒకసారి మా ఫోర్మెన్ దగ్గరికి పోయి, ఆయనతో వాళ్ళ ఊరికైనా పోవచ్చని, సెలవు ఆదివారానికి మార్చమని అడిగాను. కరెంటు నా చేతిలో ఉందా అని కసిరి పంపించాడు.

అట్లాంటి రోజుల్లో మంచం కిందికి ఆ బొమ్మలారీ వచ్చింది. రూమన్న కంపెనీలో మిషను బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన పోతూ పోతూ దాన్ని గెస్టుహౌసులో వదిలేస్తే, ఈయన అడిగి తెచ్చుకున్నాడట. చేతిలో రిమోటు పట్టుకొని మీటలు తిప్పితే దూరంగా దానంతట అది పరుగెత్తే లారీ అన్నమాట, మన పిల్లలకు ఇప్పుడు అది ఒక లెక్కే కాదు గానీ అప్పుడు మేము కళ్ళతో చూసి ఎరగం. ముందుభాగం ఎర్రగా, వెనక ట్రక్కు నల్లగా, మూరెడు పొడవున భలే ఉండేది. ముప్పై దాటిన మనిషికి ఆ సరదా ఏమిటంటారా? నాకు మాత్రం ఏమంత వయసు తక్కువ? పొద్దున వచ్చి నిద్ర మానుకొని దాన్ని మంచం చుట్టూ తిప్పుతూ కూర్చున్న రోజులున్నాయి.

కానీ ఆ ముచ్చట ఎన్నో రోజులు సాగలేదు. ఒక పొద్దున గదిలో అడుగు పెట్టేసరికి ముక్కు బద్దలయ్యే వాసన, నేల మీద స్టీలు గిన్నె, దాంట్లో చక్రాలు. రబ్బరు ఉబ్బి మైసూరుబోండాలైపోయింది, ప్లాస్టిక్ రిమ్ములు మెత్తబడి ఒక పక్కకు ఒరిగిపోయాయి. మందుల కంపెనీలో పనిచేసేవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. గ్రీజు మరక కానీ, రంగు మరక కానీ, చేతిగడియారం జిడ్డు కానీ, ప్రతిదానికీ కంపెనీ నుంచి సీసాలో తెచ్చుకున్న, దేన్నైనా కరిగించే సాల్వెంటుతో ఒక్క తుడుపు తుడిస్తే తళతళ. చక్రాలకు పట్టిన గ్రీజు పోవాలని ఈ మహానుభావుడు వాటిని రాత్రంతా దాంట్లో నానబెట్టాడు. ఆ సాయంత్రం చౌరస్తాలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి, "తమ్మీ, ఆగమైపాయెరా!" అని అరిచాడు. అయ్యో, ఆ ముఖం చూస్తే ఎవరో పోయారన్నట్టే ఉంది.

ఆ వచ్చిన గురువారం నేను డ్యూటీ దిగి, కళ్ళు మండుతున్నా సరే, అఫ్జల్‌గంజ్ బస్సెక్కి జుమేరాత్ బజారుకు పోయాను. పాత సామాన్లన్నీ నేల మీద గుట్టలు పోసి అమ్మే ఆ బజారులో దొరకనిది లేదంటారు గానీ, నాకు కావలసిన చక్రాలు దొరికేసరికి మధ్యాహ్నమైంది. అవి ఇంకేదో పెద్ద బొమ్మలారీవి, ఆ లారీ ఏమైపోయిందో అమ్మేవాడికే తెలియదు, చక్రాలు మాత్రం నాలుగూ ఒక తీగకు గుచ్చి ఉన్నాయి. మోటుగా, కొండలెక్కే బండి టైర్ల మాదిరి పళ్ళతో ఉన్నాయి. తెచ్చి మంచం మీద పెట్టి అక్క ఇంటికి పోయాను. మర్నాడు రాత్రి డ్యూటీ చేసి ఆ మర్నాటి పొద్దున గదికి వస్తే, లారీ మంచం నడుమ బోర్లా ఉంది, ఒక చక్రం ఇరుసు పక్కన పెట్టి ఉంది, ఇరుసు చివర సుద్దముక్కతో గుండ్రంగా సున్నా చుట్టి ఉంది.

సుద్దతో సున్నా చుట్టడం కంపెనీలవాళ్ళ భాష. తయారైన వస్తువులో లోపం ఎక్కడుందో అక్కడ సున్నా, బాగుంటే టిక్కు. చూడగానే నాకు అర్థమైంది. మా లారీ ఇరుసు చివర ఆరు పలకల చిన్న బొడిపె ఉంది, దాని మీద చక్రం బిగుసుకుంటేనే ఇరుసుతో పాటు తిరుగుతుంది. కొత్త చక్రాల రంధ్రం కూడా ఆరు పలకలదే గానీ బాగా పెద్దది, ఎక్కిస్తే లొడలొడమంటోంది. నేను సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించి, పక్కన టిక్కు పెట్టి డ్యూటీకి పోయాను. ఆయన ఊరినుంచి వచ్చిన మర్నాటికి ఆ టిక్కు చెరిపేసి మళ్ళీ సున్నా, ఇరుసు తిరుగుతోంది గానీ చక్రం కదలడం లేదు. ఎందుకో చీటీ రాసుకోవాలని ఇద్దరికీ తోచలేదు. ఆ సుద్ద గుర్తు కోసం నేను పొద్దున బస్సు దిగి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చేవాణ్ణంటే నమ్మండి, నాకోసం ఎదురుచూస్తున్న మాట అదొక్కటే.

ఇక నా విద్య చూపించాలనుకున్నాను. బయట పెద్ద ఆరు పలకలు, లోపల చిన్న ఆరు పలకలు ఉండేట్టు నడుమ ఒక ముక్క చేసి ఇరికిస్తే రెండూ కలుస్తాయి. రాత్రి పని సద్దుమణిగాక తుక్కులో పారేసిన ఉక్కు కడ్డీ తీసి లేతు మీద తిప్పి, లోపలి పలకలు ఆకురాయితో రాకి, నాలుగు ముక్కలు అద్దంలా తయారుచేశాను. మా ఫోర్మెన్ వెనక నుంచి వచ్చి చూసి, "ఏందిరా, రేపటి సంది లారీల కంపెనీ పెడ్తున్నవా?" అన్నాడు గానీ ఆపలేదు, పైగా ఒక పలక ఎక్కువ రాకానని వేలితో చూపించాడు. టూల్‌రూం బుద్ధి ఎట్లాంటిదంటే, ఏది చేసినా పది తరాలుండాలని చేస్తాం. అవి ఎక్కించి మీట నొక్కితే లారీ మూలిగింది, గుమ్మం దాకా పోయి ఎక్కలేక ఆగిపోయింది, మోటారు వేడెక్కి పొగ వాసన. బరువు! బొమ్మకు ఉక్కు తొడిగాను నేను. మర్నాడు రూమన్న మోటారు చుట్టూ ఒక్క సున్నా కాదు, సున్నాలే సున్నాలు చుట్టి పెట్టాడు. అంత అలసటలోనూ ఒక్కణ్ణే గది నడుమ నిలబడి నవ్వాను.

ఉక్కు వదిలి నైలాన్‌తో చేశాను. ఈసారి మోటారు హాయిగా తిప్పింది గానీ, చక్రాలు పెద్దవి కావడంతో ముందువి పక్కకు తిరిగినప్పుడు బాడీకి రాసుకున్నాయి. ఆ పని ఆయన పట్టాడు, కత్తి స్టవ్వు మీద కాల్చి మడ్‌గార్డుల అంచులు వంకర లేకుండా ఎంత నేర్పుగా కోశాడో. టైర్లు లోపల బోలుగా ఉండి నొక్కుకుపోతున్నాయని నేను సున్నా చుట్టిన మర్నాటికల్లా వాటిల్లో స్పాంజి నింపి గట్టిగా చేశాడు. ఆ స్పాంజి ఎక్కడిదా అని ఆలోచిస్తూ పడుకుంటే కాళ్ళ వైపు పరుపు మూల మాయమై ఇనుపపట్టీ మడమకు తగిలింది. ఓరి నీ అసాధ్యం కూలా అనుకొని కాళ్ళు ముడుచుకొని పడుకున్నాను. అట్లా ఒక వానాకాలమంతా ఆ చక్రాలతోనే గడిచింది. చివరికి ఒక పొద్దున లారీ నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది, ముందు అద్దం మీద పెద్ద టిక్కు.

అయినా నేను నడపలేదు. ఆయనా నడపలేదని తెలుసు, చక్రాలకు దుమ్ము లేదు కదా. ఒకసారి ఆయన బస్సు ముందే వచ్చి, సాయంత్రం పూట గుమ్మంలో ఒక్క నిమిషం ఎదురుపడిన రోజున ఆయనే అన్నాడు, చెప్పులు విప్పుతూ, నా ముఖం చూడకుండా, "ఇద్దరం ఉన్ననాడే నడుపుదాం తమ్మీ. ఒక్కడు నడిపితే ఏం మజా?" అని. నా కోరిక ఆ మనిషికీ ఉందని నాకు తెలిసింది అప్పుడే. బస్సులో కూర్చున్నాక కళ్ళు చెమర్చాయి, పక్కవాడు దుమ్ము పడిందా అంటే అవునన్నాను.

చలికాలం గడిచి ఎండలు ముదిరాక ఆ రోజు వచ్చింది. మేము తెచ్చుకున్నది కాదు, కరెంటే తెచ్చింది. ఎండ మాడ్చేస్తున్న ఒక పూట, నేను గాఢనిద్రలో ఉండగా ఫ్యాను ఆగిపోయింది. రేకుల కింద ఉడికిపోయి లేచి కూర్చున్నాను. ఎక్కడో పెద్ద లైను కూలిందట, ఆ చుట్టుపట్ల కంపెనీలన్నీ ఆగిపోయాయి. గంట గడవకముందే తలుపు తోసుకొని రూమన్న లోపలికి వచ్చాడు, వాళ్ళను ఇంటికి పంపించేశారట. ఇద్దరం ఒకరినొకరు చూసుకొని దొంగలు దొరికినట్టు నిలబడ్డాం. పట్టపగలు, ఇద్దరం మేలుకొని! గుమ్మంలోకి వచ్చి చూసిన ఓనరమ్మ నోటి మీద చెయ్యేసుకొని, "అమ్మో, ఇద్దరున్నరు!" అంది.

లారీని చంకలో పెట్టుకొని ఊరి బయట కంకర మిషన్ల వైపు పోయాం. అవీ ఆగిపోవడంతో ఎప్పుడూ గాలిలో తేలే దుమ్ము నేలకు దిగి, ఆ చోటంతా కొత్తగా కనిపించింది. ఆయన రిమోటు నాకిచ్చాడు, నేను ఆయనకిచ్చాను, ముందు నువ్వంటే నువ్వని చివరికి ఆయనే మీట నొక్కాడు. అబ్బ, ఏం పరుగది! కంకర కుప్ప ఎక్కింది, దిగింది, గుంతలో పడి పళ్ళతో నేలను పట్టుకొని పైకొచ్చింది. వంతులేసుకొని నడిపాం. అంతా బాగానే ఉంది, కానీ ఒక్కటి మాత్రం నేను అనుకోలేదు. మాకు మాటలు రాలేదు. తిన్నావా అంటే తిన్నాను, నువ్వో అంటే నేనూ తిన్నాను, అంతే, ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. ఇన్ని నెలలుగా ఆయనకు చెప్పాలని దాచుకున్నవి ఎన్నో ఉన్నాయి నాకు, అవన్నీ వదిలేసి రిమోటు అందుకుంటూ, ఇస్తూ ఉండిపోయాను. పక్కన నిలబడి ఉన్న మనిషి కంటే పరుపు మీది ఆయన వెచ్చదనమే నాకు ఎక్కువ తెలుసేమో అనిపించి గుబులేసింది.

ఇంతలో వెనక చక్రం ఒకటి ఊడి, లారీని వదిలేసి దానంతట అది దొర్లుకుంటూ కంకర గుంతలోకి పరుగు తీసింది. ఇద్దరం ఒక్కసారే దాని వెనక దూకాం. ఆయన జారి కూలబడ్డాడు, నేను ఆయన మీద పడ్డాను, చక్రం మాత్రం మమ్మల్ని దాటిపోయి గుంత అడుగున చక్కగా పడుకుంది. అప్పుడు వచ్చింది నవ్వు. ఇద్దరం మోకాళ్ళు గీరుకుపోయి, నెత్తిన దుమ్ముతో, ఊపిరాడనంతగా నవ్వాం. మాటలు రాకపోతేనేం, ఆ నవ్వు చాలు అనుకున్నాను. చక్రం తీసి చూస్తే లోపలి నైలాన్ ముక్క పగిలింది. అది చూపించి, ఇంకోటి చేస్తాలే అన్నాను. "తొందరేం లేదు తమ్మీ, నిమ్మళంగా జెయ్" అన్నాడు.

గదికి వచ్చేసరికి మధ్యాహ్నం. ఇద్దరికీ నిద్ర వస్తోంది, మంచం ఒక్కటే. నువ్వు పడుకో అంటే నువ్వు పడుకో అనుకొని, చివరికి ఎవ్వరం ఎక్కలేదు. చాప పరచుకొని నేల మీద చెరో పక్క వాలాం, లారీని మూడు చక్రాల మీద మంచం నడుమ పెట్టాం. ఆయన పడుకోగానే నిద్రపోయాడు. అన్ని నెలలు ఆయన పడుకున్న చోటనే పడుకున్నాను గానీ ఆ మనిషి నిద్రపోతుండగా చూడడం అదే మొదలు. నోరు కొంచెం తెరిచి, చెయ్యి దవడ కింద పెట్టుకొని, మా అక్క పడుకున్నట్టే పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు. సాయంత్రం కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది, నా బస్సు వేళ అయింది. లేపబుద్ధి కాలేదు. తలుపు దగ్గరికి వేసి, పగిలిన ముక్కతో పాటు చక్రాన్ని సంచిలో వేసుకొని డ్యూటీకి పోయాను.

కొత్త ముక్క చేయడానికి నేను తొందరపడలేదు, ఆయనే నిమ్మళంగా అన్నాడు కదా. పైగా ఈసారి పగలకూడదని లోపల పలచటి ఇత్తడి తొడుగు వేశాను. అది పూర్తయిన పొద్దున, సంచిలో చక్రం పెట్టుకొని, ఇవాళ సుద్దతో ఎంత పెద్ద టిక్కు పెట్టాలా అని ఆలోచిస్తూ గదికొచ్చాను. మంచం కింద ఆయన ట్రంకుపెట్టె లేదు. కొక్కేనికి అంగీలు లేవు. లారీ లేదు. ఓనరమ్మ బర్రె పాలు పిండుతూనే తల తిప్పి చెప్పింది, కంపెనీ ఆయన్ని ఎక్కడో సముద్రం పక్కన కొత్త యూనిట్‌కు పంపిందట, నిన్న మధ్యాహ్నం చెప్పి రాత్రికే బస్సెక్కించారట. "నీకోసం మస్తు సూసిండు కొడుకా. నాలుగోది నీ తాన్నే ఉండనియ్యమన్నడు. తయారైనంక తానే వచ్చి తీస్కపోతనన్నడు" అంది. ఎక్కడికి పోయాడో ఊరి పేరు ఆమెకు నోరు తిరగలేదు. వాళ్ళ కంపెనీ గేటు దాకా పోయి అడిగితే అక్కడి కాపలావాళ్ళు కొత్తవాళ్ళు, లోపలికి పోనివ్వలేదు; మెదక్ వైపు ఆయన పల్లె పేరేమిటో నేను ఎన్నడూ అడిగి ఉండలేదు.

ఆ పొద్దున మంచం మీద వాలితే పరుపు చల్లగా ఉంది. ఎండాకాలం, రేకుల కప్పు, అయినా చల్లగా ఉంది. నేను ఏడ్చాను, దాచుకునేదేముంది. ఓనరమ్మ ఇంకో మనిషిని చూస్తానంటే వద్దన్నాను. ఆ తర్వాత పగటి డ్యూటీ వచ్చింది, పెళ్ళయింది, పటాన్‌చెరుకే మారాం. పోయేముందు ఓనరమ్మకు కొత్త అడ్రసు ఒకటికి రెండుసార్లు అప్పజెప్పించి, ఆయన వస్తే పంపమన్నాను. ఆమె ఉన్నన్నాళ్ళు కనిపించినప్పుడల్లా నేను అడగకముందే తల అడ్డంగా ఊపేది.

ఇప్పుడు ఆ చౌరస్తా మీద వంతెన, ఊరి చుట్టూ పెద్ద రోడ్డు, మా గది ఉన్న చోట ఏదో గోదాం. గదుల్లో ఉండే కుర్రవాళ్ళకు మనిషికో మంచం, మనిషికో ఫోను. అర్ధనిమిషంలో ఎవరి ముఖమైనా చూసుకోగలరు, మంచిదే, నాకు ఈర్ష్య లేదు. ఉందేమో కూడా. ఈ ఇంట్లో మూడు మంచాలున్నాయి, మూడూ నావే. పొద్దున లేచి చెయ్యి చాపి చూస్తే నేను పడుకున్న మేరకే వెచ్చగా ఉంటుంది, మిగతాదంతా చల్లన.

పనామె బకెట్టు పట్టుకొని ఇంకా అక్కడే నిలబడి, "గంత మంచిదైతే ఏడన్న లోపల పెట్టుకోరి సార్. ఎవలదది?" అంది. నాది కాదమ్మా, ఒకాయనది, వచ్చి తీసుకుపోతానన్నాడు అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, బాల్కనీ తుడవడానికి పోయింది. నేను గూట్లోంచి ముగ్గు కోసం నా భార్య దాచిన సుద్దముక్క ఒకటి వెతికి తీసి, చక్రం మీద టిక్కు పెట్టి, తలుపు కింద కాకుండా మంచం మీద రెండో తలగడ పక్కన పెట్టాను. తయారైంది అన్నా, ఎప్పుడో తయారైంది.